నరసింహస్వామి పటం వెనుక

నా చిన్నప్పుడు, నిజాం రాజ్యం పోయిన కొత్తలో, నిర్మల్‌లోని మా ఇంట్లో చిన్నబాపు కన్నుమూశాడు. మా బాపుకు, అంటే నాన్నకు, తమ్ముడు. బొంబాయిలో యుద్ధ ఓడలెక్కి వాటి ఇంజన్లు చూసే ఇంజినీరుగా పనిచేసి, ఊపిరితిత్తులు చెడి ఇల్లు చేరిన మనిషి.

పోయినవారి బట్టలూ పక్కా దశదినం నాడు గోదావరి ఒడ్డున కాల్చడం మా ఇంటి ఆచారం. దానికి ముందురోజు, బాపుకు అన్న, ఇంటికి పెద్ద అయిన పెద్దబాపు ఆ మూటలో చిన్నబాపు గుడ్డసంచిని కూడా చేర్చాడు. అందులో ఆయన ఓడ కాగితాలు, ఫోటోలు ఉన్నాయి. సముద్రం మీద తిరిగి కులం చెడినవాడి గుర్తు ఇంట్లో ఉండకూడదని ఆయన పట్టు.

చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని బతిమాలింది. "బావా, ఒక్క ఫోటో ఇయ్యుండ్రి. రేపు పిల్ల బాపు మొకం అడుగుతే ఏం జూపాలె?"

"పోయినోని బొమ్మ ఇంట్ల ఉంటే వాని పానం ఈన్నే తిరుగుతది. గంతే."

మర్నాడు తెల్లవారుతుండగా, నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన నాయనమ్మ నన్ను పూజగదిలోకి పిలిచింది. సంచిలోనివన్నీ నా ఒళ్లో పోసి, దాన్ని పాత పంచాంగాలతో నింపింది. నరసింహస్వామి పటం వెనుక అట్ట తీసి, కొడుకు ఫోటోలూ కాగితాలూ సర్ది, అన్నం మెతుకులతో పైన కాగితం అంటించింది. "దేవుని మీద చెయ్యేసే ధైర్యం నీ పెద్దబాపుకు లేదు బిడ్డా," అని నవ్వబోయి ఏడ్చింది. పెద్దబాపు సంచి విప్పకుండానే కాల్చి వచ్చాడు.

నాయనమ్మ ఆ సంగతి చిన్నమ్మ చెవిన వేసింది. ఇక ఆమె రోజూ ఆ పటం ముందు దీపం పెట్టి, కదలకుండా కూర్చునేది. "మా మరదలికి ఎంత భక్తి!" అని పెద్దబాపే పదిమందికీ చెప్పేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది.

ఆయన బతికున్నన్నాళ్లూ పటం దించే వీలు లేకపోయింది. ఆయన పోయాక దించి చూస్తే, మెతుకుల కోసం వచ్చిన చెదలు ఫోటోల దాకా తినేశాయి. మిగిలిన ఒక్క ఫోటోలో యంత్రం పక్కన యూనిఫాం భుజాలు, బొత్తాలు, టోపీ అంచు. ముఖం లేదు.

పెళ్లీడుకొచ్చిన చిన్నమ్మ కూతురు దాన్ని వెలుతురుకు పట్టి చూసి తల్లిని అడిగింది. "అవ్వా, బాపు నా లెక్కనే ఉండెనా?"

చిన్నమ్మ ఫోటోను చేతిలోకి తీసుకుంది. కొంగుతో ఆ భుజాల మీది మట్టి తుడిచింది.

నాయనమ్మకు నేను రోజూ మొక్కుతాను. ఆమె తెగించకపోతే ఆ భుజాలైనా మిగిలేవి కావు. కానీ ఏ ఇంట చావుకు వెళ్లినా, ముందు పోయినాయన ఫోటో ఎక్కడుందో అడిగి, తీసి, అందరి ఎదుటే ఆయన భార్య ఒళ్లో పెడతాను. ఆ తరువాతే కూర్చుంటాను. పెద్దలు ముఖం చిట్లిస్తారు. చిట్లించుకోనీ.