కూర్చునే పని

ఏసయ్య ఎప్పుడూ సముద్రం చూడలేదు. ఆళ్లగడ్డ, నంద్యాల, బేతంచెర్ల, అంతే అతని లోకం. అయినా ఒక ముసలి జాలరి నడిసముద్రంలో పెద్ద చేపతో పడిన పాట్లన్నీ అతనికి కంఠతా వచ్చు. నేర్పింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పాల్సినవి అంత సులువుగా నోట రావు.

నా పేరు శ్యాంసుందర్. నంద్యాలలో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. కోపిష్టి సారని ఊళ్లో పేరు. ఆ పేరు చెడగొట్టుకోలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు అతను చెప్పులు గేటు బయటే విడిచి, వరండాలో నిలబడ్డాడు. తెల్లచొక్కా, చేతిలో దూరవిద్య వాళ్లిచ్చిన పుస్తకం. డిగ్రీలో ఇంగ్లీషు పేపరొక్కటే మిగిలిందన్నాడు. వయసెంతని అడిగాను.

"యాభై రెండు సార్."

"ఈ వయసులో డిగ్రీ ఏందయ్యా? పెళ్లిచూపులకు పోతాండావా?"

నా జోకుకు నవ్వనివాళ్లంటే నాకు ఒళ్లుమంట. అతను నవ్వలేదు.

"కూచునే పని కావల్ల సార్" అన్నాడు.

సంగతేమిటంటే, అతను ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు కాలేజీలో అటెండరు. అంతకు ముందు పద్నాలుగేళ్లు బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడి రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక తగ్గేది కాదని, మెట్లెక్కొద్దని, బరువులు మోయొద్దని డాక్టరు చెప్పాడు. కాలేజీలో అతని పనేమో మూడో అంతస్తుకి నీళ్ల క్యాన్లు మోయడం. ఆఫీసులో గుమాస్తా జూన్‌లో దిగిపోతున్నాడు. అప్పటికి డిగ్రీ పాసైతే ఆ కుర్చీ నీదేనని యాజమాన్యం మాటిచ్చింది. పాత సిలబస్ వాళ్లకు ఆ ఏప్రిల్ పరీక్షే ఆఖరి ఛాన్సు. పాసైతే కుర్చీ, తప్పితే మెట్లు.

ఆ పేపర్లో సగం మార్కులు ఆ ముసలి జాలరి నవలికకే. రోజుల తరబడి పోరాడి పట్టిన పెద్ద చేపను ఒడ్డు చేరేలోపే సొరచేపలు తినేసే కథ అది. సరే రమ్మన్నాను.

ప్రతి ఆదివారం చర్చి అవగానే బస్సెక్కి వచ్చేవాడు. చదివే పద్ధతి చూస్తే నాకు మొదట నవ్వొచ్చేది. చర్చిలో వాక్యాలు అప్పజెప్పినట్టు, కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, నిలబడి నా నోట్సు అప్పజెప్పేవాడు. మధ్యలో దగ్గు తెర వస్తే ఆగి, అది అయిపోయాక సరిగ్గా ఆగిన మాట దగ్గరే అందుకునేవాడు.

"కూర్చోవయ్యా" అంటే, "నిలబడితేనే వస్తాది సార్, అట్ల అలవాటు" అనేవాడు.

రాసి చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు. అప్పజెబుతున్నాడు కదా, చాలనుకున్నాను.

ఏటా తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. ఆ ముసలివాడు గెలిచాడా, ఓడాడా? పదిహేను మార్కులు. నా నోట్సులో జవాబు సిద్ధంగా ఉంది: గెలిచాడు. సొరచేపలు చేపను తినగలిగాయి గాని అతని ధైర్యాన్ని తినలేకపోయాయి. ఈ రెండు వాక్యాలతో ముప్పై ఏళ్లలో ఎన్ని వందల మందిని గట్టెక్కించానో నాకే తెలియదు.

ఒక ఆదివారం అది అప్పజెప్పి, కళ్లు తెరిచి అడిగాడు.

"చేప ఒడ్డుకు రాల్యా గదా సార్?"

"ఎముకలొచ్చాయి."

"ఎముకలు యాడికి పనికొస్తాయి సార్?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీకు పాసు కావాల్నా, వాదన కావాల్నా?"

"పాసే సార్."

"అయితే గెలిచినాడని రాయి. నోర్మూసుకుని రాయి."

తలూపాడు. మళ్లీ కళ్లు మూసుకుని మొదటినుంచి అందుకున్నాడు. అతను నా ఎదుట వేసిన సొంత ప్రశ్నలు ఆ రెండే. చివరికి రెండింటికీ నేనిచ్చింది ఆ జవాబే.

ఏప్రిల్లో పరీక్ష రాశాడు. మే నెలలో పేపర్లు దిద్దడానికి నన్ను పిలిచారు. నంద్యాల ఎండలో రేకుల హాలు, పైన తిరగనట్టు తిరిగే ఫ్యాను, రోజుకి నలభై పేపర్లు. పేర్లుండవు, నంబర్లుంటాయి. రెండోరోజు మధ్యాహ్నం ఒక పేపర్లో ఆ పెద్ద ప్రశ్నకు జవాబు ఇలా ఉంది. నేల మీద పాకే ఇంగ్లీషు అది, నేను తెలుగులో చెబుతున్నాను:

"ముసలివాడు ఓడిపోయాడు. సరుకు లారీ ఎక్కకపోతే పని చేసినట్టు కాదు. ఎంత కష్టపడ్డాడో ఎవరూ అడగరు. మరుసటి రోజు మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. అతను మంచి పనివాడు. అయినా ఓడిపోయాడు."

పక్క టేబులు దగ్గర హరీష్ అనే కుర్ర లెక్చరర్ ఉన్నాడు. "చూడప్పా, ఎవడో లారీ క్లీనరు సముద్రంలోకి లారీ దింపినాడు" అని గట్టిగా చదివి వినిపించాను. హాలంతా నవ్వింది. నా జోకుకు అంతమంది నవ్వి చాలా ఏళ్లయింది. జవాబు పక్కన రెండు మార్కులు వేసి టీకి లేచాను. అది ఏసయ్యదేమోనన్న అనుమానం రవ్వంత కూడా రాలేదు. నా ఎదుట ఇరవైసార్లు గెలిచాడని అప్పజెప్పినవాడు పరీక్షలో ఓడాడని ఎందుకు రాస్తాడు?

జూన్‌లో ఫలితాలొచ్చాయి. పాసుకి ముప్పైఐదు కావాలి. ఏసయ్యకు ఇరవైతొమ్మిది.

ఆ ఆదివారం కూడా వచ్చాడు. గేటు దగ్గర కాసేపు ఊపిరి తీసుకుని వరండాలోకి వచ్చాడు. నేను మండిపడ్డాను. "పదిహేను మార్కుల ప్రశ్న చేతిలో పెట్టి పంపిస్తే ఏం రాసినావయ్యా?"

"మీరు చెప్పిందే రాద్దామనుకున్యా సార్. కలం పెడితే రాల్యా" అన్నాడు. నిదానంగా, దగ్గు మధ్యలో చెప్పాడు. "బేతంచెర్లలో పెద్ద బండ పాలిష్ పట్టాలంటే పొద్దంతా పడతాది సార్. మాపున లారీకి మోసేటప్పుడు అంచుకు తగిలి పగిలిందనుకో, మేస్త్రీ ఒకే మాట అంటాడు, ఈ పొద్దు నువ్వు పనికి రానట్టే పో అని. పద్నాలుగేండ్లు నేను ఆ మాట పడినోణ్ణి. ఆ ముసలాయప్ప గెలిచినాడని నా చేత్తో ఎట్ల రాసేది? లారీ ఎక్కల్యా, ఓడిపోయినాడని రాసినా."

ఆ లారీ పేపరు ఇతనిదే. హాల్లో నా గొంతు, ఆ నవ్వు మళ్లీ వినిపించాయి. ఎనిమిది వేసినా గట్టెక్కేవాడు. చెప్పాలి, అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. సిగ్గు కాదు, పిరికితనం.

నా మొహం చూసి నేను బాధపడుతున్నాననుకున్నాడు. "మీ తప్పేం ల్యాదు సార్. మీ మాట వినింటే పాసైతాంటి" అని నన్నే ఓదార్చి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆఫీసు కుర్చీలోకి ఇంకెవరో వచ్చారు. ఏసయ్య క్యాన్లు మోస్తూనే ఉన్నాడు. ఆగస్టులో రెండో అంతస్తు మెట్ల మీద కూలబడ్డాడు. నాలుగోరోజు ఆసుపత్రిలో పోయాడు.

సమాధి అయిన మూడోనాడు ఆళ్లగడ్డ వెళ్లాను. అతని భార్య ఎస్తేరు పొలం కూలికి పోయే మనిషి. ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, నన్ను కూర్చోబెట్టింది. నా నోట్సు కాగితాలు మడత నలగకుండా తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇదంతా ఆయప్పకు నోటికొచ్చు సార్. నేను అన్నం వండుతాంటే పక్కన నిలబడి చెప్తాండె. అంత వచ్చినోడు ఏం తప్పు రాసినాడు సార్?"

"తప్పేం రాయలేదమ్మా. నిజమే రాసినాడు."

"మళ్లా ఎట్ల పోయింది?"

"దిద్దినోడు తప్పు చేసినాడు."

"ఎవురు సార్ ఆయప్ప?"

ఈసారి చెప్పాను. పేపరు నా చేతికే వచ్చిందని, రెండు మార్కులు వేశానని, హాల్లో చదివి నవ్వించానని, అంతా చెప్పాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"లేయండి సార్" అంది.

లేచాను. ఆమె కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయింది. నేను ఆ వాకిట్లోనే నిలబడి ఉన్నాను.