బామ్మర్ది పిస్తోలుకు పొడుగు గొట్టం

మా బామ్మర్ది దగ్గర ఒక పిస్తోలు ఉండె. గడీల మూడేండ్లు కావలి కాసినందుకు, దొర జీతం ఎగ్గొట్టి పట్నం పోతా పోతా అది చేతుల పెట్టి, లైసెన్సు కాయితం వాని పేరు మీద రాపిచ్చిండు. దొరలు ఇచ్చేటివి గట్లనే ఉంటయి. జానెడు పొడుగు, ఒక్కటే తూటా, పది అడుగుల అవతల ఏనుగు నిలబడ్డా తగలదు. దానితోని అడవిపందిని కొట్టాలంటే ముందుగాల్ల పందిని బతిమిలాడి దగ్గరికి పిలవాలె.

మాది మగ్గం ఇల్లు. కల్వకుర్తి అవతల గుట్టల కింద ఊరు. మిల్లు చీరెలొచ్చినంక మా చీరెల మొకం చూసేటోడు లేక, నాయిన ఇచ్చిన రెండెకరాల చెల్కల జొన్న పెట్టిన. సాగర్ కట్ట కడుతున్నరు, నీళ్ళొస్తయి అంటుండ్రి. వస్తయి, హాలియా దిక్కు. మాకు మొగులు తప్ప దిక్కు లేదు. ఆ యేడు వానలు మంచిగ పడ్డయి, కంకులు పిడికిలంత పెట్టినయి. గుట్ట మీది పందులకు గూడ ఆ సంగతి తెలిసింది. దినాం ఒక మూలకెళ్ళి మేసుకుంట వస్తున్నయి.

"గీ పంట చేతికి రాకపోతే షోలాపూర్ పోదాం. మా అన్న మిల్లుల పని ఇప్పిస్త అంటుండు" అన్న నా భార్యతోని.

ఆమె చెరుగుతున్న చాట కింద పెట్టింది. వాళ్ళ నాయిన ఆ షోలాపూర్ మిల్లులనే దూది దుమ్ము మింగి, దగ్గి దగ్గి, ముప్పై అయిదేండ్లకే పోయిండు. "పోతే నువ్వు పో. ఇంకోసారి ఆ దగ్గు ఇనుడు నాతోని కాదు" అన్నది. తెల్లారి తమ్మున్ని పిలిచింది. "ఊరంత తిరుక్కుంట తుపాకి ఉన్నదని చెప్పుకుంటవు గదరా. ఒక్క పందినన్న కొట్టు చూద్దాం." ఒక్కటి పడితే మంద మళ్ళ ఆ చేను దిక్కు రాదని మా దగ్గర నమ్మకం.

వానికి రోషమొచ్చింది. పట్నంల ఒక దుకాణం ఉన్నదట, పిస్తోలుకున్న పొట్టి గొట్టం ఇప్పి పొడుగు గొట్టం ఎక్కిస్తరట, అప్పుడది వేట తుపాకి అయితదట. దానికి సర్కారు మంజూరు కావాలె. ఆ ముద్ర కోసం ఆఫీసు చుట్టు తిరిగి తిరిగి చెప్పులరిగినయి. ముద్ర పడ్డనాడే ఇద్దరం బస్సెక్కినం.

దుకాణంల ముసలాయన బల్ల మీద గుడ్డ పరిచి మూడు గొట్టాలు పెట్టిండు. ఒకటి సన్నది, మూరెడు. ఒకటి నడిమి రకం. ఇంకోటి లావుది, మూరన్నర పొడుగు, నా బొటనవేలు దూరింది. "వేటకు సన్నదే తీసుకోండి భాయ్. సూటిగ పోతది, చప్పుడు తక్కువ" అన్నడు.

నేనెందుకు ఊకుంట? అంగీ జేబులకెళ్ళి నూలు పోగు తీసి, ఒక్కొక్క గొట్టంల దూర్చి, అటుకొస ఇటుకొస బిగబట్టి కన్ను పెట్టి చూసిన. వంకర ఉంటే పోగు పట్టిస్తది. మూడూ సక్కగనే ఉన్నయి. "వాహ్, మీది ఏం పని?" అన్నడు ముసలాయన. "మగ్గం" అన్న. "అందుకే" అన్నడు. ఆ ఒక్క మాటతోని నా బుద్ధి గడ్డి మేయవోయింది.

మూడింటికీ ధర ఒక్కటే. ఇగ చూడు. నేసేటోని ముందల ఒక్క ధరకు మూర బట్ట, మూరన్నర బట్ట పెడితే ఏది తీసుకుంటడు? "పొడుగుదే ఇయ్యి" అన్న. ముసలాయన నెత్తి పట్టుకున్నడు. "భాయ్, ఇది బట్ట కాదు."

బామ్మర్దికి గూడ అదే నచ్చింది. "బావా, తుపాకి పేలితే ఊరంత ఇనాలె. సన్నది పేలితే ఎవడో తుమ్మిండనుకుంటరు" అన్నడు.

"చప్పుడు లేకుంటే మీకే మంచిది. వేట మీది, ఊరిది కాదు" అని ఆఖరిసారి చెప్పి చూసిండు ఆయన. సన్నది అమ్ముడుపోక మాకు అంటగడుతుండనుకున్నం. మేం మోసపోయెటోళ్ళమా!

ఇంటికి తెచ్చి చూపిస్తే నా భార్య నవ్వు ఆపుకోలె. "ముందుగాల్ల నేను పొయ్యి ఊదుకుంట తే, తర్వాత మీరు పందిని ఊదుండ్రి." ఆమె నవ్వినా తప్పు లేదు. గొట్టం బరువుకు బామ్మర్ది చెయ్యి నేలకు వంగుతుండె. గొట్టం నా భుజం మీద, పిడి వాని చేతుల, ఇద్దరం కలిస్తెనే ఒక్క తుపాకి.

మూడొద్దులు కాసినం. మూడోనాడు తెల్లవారంగ కోరల పంది ఒకటి గట్టు మీద నిలబడ్డది. ఢామ్మన్నది. నా కుడి చెవి ఆ పొద్దు పోయిన పోకడ మళ్ళ రాలె. పొగ పోయినంక చూస్తే పంది కుంటుతాంది! సంబురంతోని మేమిద్దరం ఒకరినొకరం కావలిచ్చుకున్నం. పంది కుంటుకుంట జొన్న చేన్లకే సొచ్చింది.

మా దిక్కు వేటకు ఒక కట్టుబాటు ఉన్నది. కొట్టినోనికి తలకాయ, తొడ. పందిని కోసేలోపల చేను మీదికి ఎవడొస్తే వానికి వాటా, కాదనొద్దు. సన్న చప్పుడైతే పక్క చేనోళ్ళు ఇద్దరొద్దురు. మా చప్పుడుకు మూడూర్లు లేసినయి. కత్తులు, గంపలు, కట్టెలు, కుక్కలు, కర్ర పట్టుకున్న ముసలమ్మలు. పంది జొన్నలల్ల సుడి తిరుగుతాంది, దాని ఎనుక జనం. గట్టు మీద నిలబడి నా భార్య రెండు చేతులు చాపి "చేను, చేను" అని ఒర్లుతాంది. ఎవడింటడు? సిగ్గిడిసి చెప్తున్న, అందరికంటె ముంగట ఉరికింది నేనే. పంది పడుతదన్న సంబురంల, కాళ్ళ కింద ఇరిగేటివి నా కంకులే అన్న సోయి లేదు.

పొద్దెక్కేసరికి పంది పడ్డది, చేను గూడ పడ్డది. పందులు నెల దినాలు తిన్నది ఒక మూల, మనుషులం ఒక్క పూటల తొక్కింది మిగిలినదంత. మోదుగాకులల్ల వాటాలు కట్టుకోని, కట్టుబాటు తప్పలేదని నన్ను మెచ్చుకోని ఎవరింటికి వాళ్ళు పోయిన్రు.

బామ్మర్ది తలకాయ, తొడ తెచ్చి అక్క ముందల పెట్టి తల వంచుకోని నిలబడ్డడు. ఆమె కారం దట్టిచ్చి వండి, మా ఇద్దరికి కడుపునిండ పెట్టింది. నేను మళ్ళ అడిగి ఏయించుకున్న, నా నాలుకకు సిగ్గు లేదు. ఆమె ముద్ద ముట్టకుంట కడప మీద కూసోని, పెండ్లినాటి పాత చీరెను బెత్తెడు బెత్తెడు పేలికలు చింపుతాంది.

"అవెందుకే?" అన్న.

"నీ ముక్కుకు కట్టుకునెటందుకు. మిల్లుల దుమ్ముంటది గద" అన్నది, తలెత్తకుంట. "దినానికొకటి కట్టుకో. నేను ఉతికి ఆరేస్త."