వెనక సీటు నక్షత్రాలు

ఎలిదా బెంతాంకోర్ మా పైసందూ ఊళ్లో ముప్పయ్యేళ్లు మందుల షాపులో పనిచేసింది. ఊరందరి బీపీలూ షుగర్లూ ఆవిడకు కంఠోపాఠం. పెళ్లి చేసుకోలేదు. కలిసి ఉన్న అక్క పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. నలుగురూ చేతులు మార్చుకుంటూ తాగే మాతే టీని ఆవిడ ఒక్కతే కలుపుకుని ఒక్కతే తాగేది. యాభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, కారు కొంటానని మా షోరూముకు వచ్చింది.

నేను కార్లమ్మేవాణ్ణి. నోరు జారడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

ఆవిడ రంగు అడగలేదు, మైలేజీ అడగలేదు. చేతిసంచిలోంచి ఒక పేపరు ముక్క తీసింది. కార్లను గుద్దించి చూసి, ఏది ఎంత భద్రమో చెబుతూ ఇచ్చిన నక్షత్రాల పట్టిక అది. మా దగ్గరున్న రెండు కార్లకూ ముందు సీట్లలో పెద్దవాళ్లకు నాలుగేసి నక్షత్రాలు. వెనక కూర్చునే పిల్లలకు మాత్రం తెల్లదానికి రెండు, నీలందానికి ఐదు. నీలంది బాగా ఖరీదు.

"ఎలిదా గారూ, ఉన్నది మీరొక్కరు. వెనక నక్షత్రాలు మీకెందుకమ్మా, దండగ! హాయిగా తెల్లది తీసుకోండి," అన్నాను.

ఆవిడ మొహం వాడిపోయింది.

"నా కారు ఎవరూ ఎక్కరని మీకెవరు చెప్పారండీ?"

ఛీ, నా నోరు పడ! నీలందే కొంది.

ఆరు నెలలకు మొదటి సర్వీసుకు తెచ్చింది. తలుపు తీసి చూద్దును కదా, వెనక సీటు మీద కొత్తలో వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఒక్క ముడతయినా లేదు. నా భార్య వెళ్లిపోయి తొమ్మిదేళ్లు. ఒంటరితనం అంటే తెలిసినవాణ్ణే, ఆ మాట ఎలా అన్నానో!

బయట వాన దంచుతోంది. "అమ్మా, మీరు వెళ్లేది రేవు వైపేగా, నన్ను మా వీధిలో దింపుతారా?" అన్నాను. నా బండి షెడ్డులోనే ఉందని చెప్పలేదు.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేను ముందు తలుపు తీయబోయాను.

"అక్కడ కాదు. వెనక కూర్చోండి."

"వెనకా? అవి చిన్నపిల్లల నక్షత్రాలు కదండీ!"

"మీ నోరు చూస్తే చిన్నపిల్లాడి కంటే కనాకష్టంగా ఉంది. ఎక్కండి. ఆ సీటు కోసమే కదా అంత పోసి కొన్నాను."

ఎక్కి, కవరు పర్రున చింపాను. బెల్టు పెట్టుకున్నాను. ఆవిడ అద్దంలోంచి నన్ను చూస్తూ, అడగకుండానే వాళ్ల అక్క గురించి చెప్పడం మొదలుపెట్టింది. మా వీధి వచ్చింది, దాటిపోయింది. నేను ఆపమనలేదు.