బీడీశాలలో నారాయణి ఇంగ్లీషు

ఆ రోజుల్లో కేరళలోని మా కణ్ణూరు బీడీశాలలో అందరికీ పేపరు చదివి వినిపించేవాణ్ణి నేనే. నేను చదువుతుంటే నా వంతు బీడీలు మిగతావాళ్ళు చుట్టేవారు. ఊరిబడి చదువుతోనే అందరికీ రోజుకో ఇంగ్లీషు మాట నేర్పిన ఘనత నాది.

మాతో బీడీలు చుట్టే నారాయణికి టీచరు ఉద్యోగం కావాలి. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అని ఆమె బెంగ.

"టెనేషస్ అంటే పట్టు విడవని మనిషి. పెర్సిస్టెంట్ అన్నా అదే. ఏదీ, ఓ వాక్యం చెప్పు!" అన్నాను.

"చాత్తన్న టెనేషస్. చాయ్ రానిదే ఆకు కోసే కత్తెర ముట్టడు!" అంది నారాయణి.

"నీకు నేనే దొరికానా తల్లీ!" అన్నాడు ఆమె పక్కన బీడీలు చుట్టే చాత్తు. శాలంతా నవ్వింది.

ఉద్యోగం వచ్చాక నారాయణి చివరిసారి శాలకొచ్చింది. ఓ ఇంగ్లీషు పేపరు ఆమె చేతికిచ్చి, ఆమె చోట నేను కూర్చున్నాను. ఆమె గడగడా ఇంగ్లీషు చదివింది. ఆమె వంతు బీడీలు నేను చుట్టాను. ఆనాటి పొగాకు వాసన నా వేళ్ళకు ఇంకా ఉన్నట్టే ఉంటుంది.