మాట విన్నవాళ్ళు

తొంభైల మధ్యలో నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకుని అప్పటికి రెండేళ్ళు. నా విషయం నాయకత్వం. పెద్ద చదువూ, హోదా లేని పల్లెటూరి ఆడవాళ్ళు నలుగురినీ ఎలా నడిపిస్తారన్నది నా పరిశోధన. మా అత్తగారికి చెబితే, "దానికి పరిశోధనెందుకే, వెళ్ళి చూస్తే తెలుస్తుంది కదా" అన్నారు. నేను చేసిందీ దాదాపు అదే. సెలవు రోజున బస్సెక్కి కోనసీమ పల్లెలకు వెళ్ళేదాన్ని. నా దగ్గర ముప్ఫై వాక్యాలున్న ప్రశ్నావళి ఉండేది. ప్రతి వాక్యం పక్కనా అయిదు గడులు: ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, అసలు లేదు. వాళ్ళు చెబితే నేను టిక్కు పెట్టేదాన్ని.

అలా పరిచయమైంది ఆవిడ. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో మహిళా సంఘానికి అధ్యక్షురాలు. నలభై ఏళ్ళుంటాయి. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేది. భర్త కొబ్బరికాయలు దింపేవాడు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బోరింగు దగ్గర ఇద్దరు తిట్టుకుంటున్నారు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. వెళ్ళి తనే బోరింగు కొట్టి ఒకామె బిందె నింపి పక్కన పెట్టింది, రెండో ఆమె బిందె కూడా నింపింది. గొడవ దానంతటదే ఆగిపోయింది. తిరుగు బస్సులో నేను రెండు పేజీలు రాసుకున్నాను. ప్రశ్నావళి ఈసారి వచ్చినప్పుడు పూర్తి చేద్దామని చెప్పి వచ్చేశాను.

ఈలోగా తుఫాను వచ్చింది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళేసరికి రెండు నెలలు దాటింది. తోటల్లో చాలా చెట్లకు తలల్లేవు. ఏం జరిగిందో బస్టాపు దగ్గర కూర్చున్నవాళ్ళే చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం గాలి తేడాగా ఉందని ఆవిడ ఇంటింటికీ తిరిగి జనాన్ని బడి డాబాలోకి చేర్చిందట. నడవలేని ముసలివాళ్ళను మంచాలతో సహా మోయించిందట. సాయంత్రానికి ఆ పేటలో పాక అన్నది మిగల్లేదు. బడిలో ఉన్నవాళ్ళందరూ బతికారు. ఆవిడ భర్త మాత్రం గేదెను వదిలి రానని ఇంటి దగ్గరే ఉండిపోయాడు. గోడ కూలి మీద పడి చనిపోయాడు.

నేను వెనక్కి వచ్చేయాల్సింది. కానీ నెలాఖరుకల్లా వివరాలు చూపించమని మా గైడు గారు చెప్పిన సంగతే నాకు గుర్తుకొచ్చింది.

ఆవిడ బడి వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూసి, "కాగితం తెచ్చారా మేడమ్ గారండి?" అని అడిగింది.

"ఇప్పుడొద్దులెండి" అన్నాను.

"ఇంత దూరం వచ్చారు కదా. అడగండి."

అడిగాను. పది వాక్యాల దాకా గబగబా చెప్పింది. పదకొండోది 'నేను చెబితే ఇతరులు వింటారు'.

"అందరూ విన్నారండి. ఆయన వినలేదు. ఏ గడిలో పెడతారు?"

"మీరే చెప్పండి" అన్నాను.

"చదువుకున్నవారు, మీకు తెలియదేంటండి? ఏదో ఒకటి పెట్టండి."

'తరచుగా' దగ్గర టిక్కు పెట్టాను. పన్నెండో వాక్యం చదివాను. ఆవిడ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ముప్ఫై అయ్యాక గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది.

నా థీసిస్‌లో అందరికీ నచ్చింది ఆవిడ గురించి రాసిన అధ్యాయమే. వైవాకి వచ్చిన పెద్దాయన, "ఇది పుస్తకంగా రావాలమ్మా" అన్నారు. అలాగేనండి అన్నాను. కాలేజీలో శాలువా కప్పారు. పన్ను పీకే ముందు ఇంజక్షన్ చేస్తే దవడ ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. చెయ్యి పెడితే తగులుతుంది, నాది కాదనిపిస్తుంది.

రెండు వేల సంవత్సరం తర్వాత ఎంబీఏ కాలేజీకి మారాను. ఏటా నాయకత్వం క్లాసులో ఆవిడ కథ చెప్పేదాన్ని. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "సొంత భర్తనే ఒప్పించలేకపోయింది కదా మేడమ్, అది వైఫల్యం కాదా?" అంది. మంచి పాయింటు అని బోర్డు మీద రాశాను. స్టాఫ్ రూముకి వెళ్ళి క్యారేజీ విప్పి అన్నం తిన్నాను. ఆ ఆదివారం, ఎందుకో తెలీదు, ఆ ఊరు బయల్దేరాను.

ఆవిడ రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తోంది. సంఘం ఎప్పుడో మానేసిందట. ఎందుకని అడిగాను.

"పిలిస్తే జనం వస్తున్నారండి. అది చూళ్ళేకపోయాను."

ఆవిడ కథ ఇన్నేళ్ళుగా క్లాసులో చెబుతున్నానని ఒప్పుకున్నాను.

"ఆయన సంగతి కూడా చెప్తున్నారా?"

"చెప్తున్నానండి."

ఆవిడ చేతులు ఆగలేదు. "ఆయన మొండోడు కాదండి. మిగతా ఇళ్ళకి రెండేసి మూడేసి సార్లు వెళ్ళి బతిమాలాను. మా ఇంటికి ఒక్కసారే వెళ్ళాను. మనోడే కదా, వస్తాళ్ళే అనుకున్నాను."

బస్సు వేళయిందని లేచాను.

మరుసటి ఏడాది ప్రిన్సిపాల్ గారిని అడిగి కాస్ట్ అకౌంటింగ్ తీసుకున్నాను. నాయకత్వం పేపరు కొత్తగా చేరిన లెక్చరరు గారికి వెళ్ళింది. ఆయన లైబ్రరీలో నా థీసిస్ తీసి ఆ అధ్యాయమే పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు. ఒకరోజు కారిడార్‌లో ఆపి, "ఆవిడ గురించి ఇంకేమైనా తెలుసా అండి, పిల్లలు అడుగుతున్నారు" అన్నారు. అన్నీ అందులోనే ఉన్నాయని చెప్పి క్లాసుకి వెళ్ళిపోయాను.