కుదించిన మ్యాపు

జిరాక్స్ మిషన్‌లోంచి వచ్చే వేడి కాగితం వాసన తగిలితే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

అప్పుడు నాకు పదేళ్లు, ఖతర్‌లోని అల్ ఘర్రాఫాలో ఉండేవాళ్లం. ఒక చలికాలం శుక్రవారం నాన్నగారి ఖతరీ బాస్, డేగలతో చేసే వేట చూడ్డానికి మమ్మల్ని ఎడారిలో తన క్యాంపుకి పిలిచాడు. వేట జరిగే చోటికి బండ్లు రానివ్వరు, నడిచే వెళ్లాలి. నాన్న ఆఫీసులోని పెద్ద మ్యాపుని సగానికి కుదించి జిరాక్స్ తీసి, ఒక దిక్సూచితో పాటు నాకిచ్చాడు. క్యాంపు నుంచి వేట చోటికి స్కేలు పెట్టి కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. సెంటీమీటరుకి అర కిలోమీటరని కింద అచ్చయి ఉంది.

"రెండే కిలోమీటర్లు!" అన్నాను.

నాన్న క్యాంపులోనే ఉండిపోతే నాకు తోడొచ్చిన కంపెనీ డ్రైవర్ రాజన్నది జగిత్యాల. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఇంకా దూరముంటది పాపా, నీళ్లు ఎక్కువ పట్టుకపోదాం" అన్నాడు.

"నీకు మ్యాపు చదవడం వచ్చా?" అన్నాను.

ఒక్క సీసాతో బయల్దేరాం. ఎంత నడిచినా ఇసుకే. నీళ్లన్నీ నేనే తాగేసి కూలబడ్డాను. రాజన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని వెనక్కి తిరిగాడు.

గుడారం ముందు నాన్న కంగారుగా నిలబడి ఉన్నాడు.

"రాజన్న దారి తప్పించాడు," అన్నాను.

నాన్న అందరి ముందూ అతన్ని తిట్టాడు. "తప్పయింది సార్," అన్నాడు రాజన్న.

కాగితం కుదిస్తే కింద రాసిన లెక్క చెల్లదని, ఆ దూరం నిజానికి నాలుగు కిలోమీటర్లని ఉద్యోగంలో చేరాకే తెలిసింది. చిన్నపిల్ల పొరపాటు, పోనీలే అనుకోవచ్చు. కానీ దారి తప్పించాడన్నప్పుడు దిక్సూచి నా మెడలోనే ఉంది. రాజన్న భుజాల మీంచి నేనింకా దిగనైనా లేదు.