కత్తెరక్క అడిగిన మాట

వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అనేవాళ్లు. ఇంటి ముందుగదిలోనే దర్జీ దుకాణం. బట్ట కత్తిరించడం ఆమె పని, కుట్టడం తోడికోడలి పని. వాళ్ల భర్తలు, అన్నదమ్ములిద్దరూ లారీలు నడుపుతూ రోడ్ల మీదే ఉంటారు కాబట్టి ఇల్లూ, దుకాణమూ, కత్తెరక్క ఆరేళ్ల కూతురూ ఈ ఇద్దరి చేతుల మీదే నడిచేవి. వాళ్లకు పోట్లాటలు లేవని కాదు. సూది నువ్వెక్కడ పెట్టావంటే నువ్వెక్కడ పెట్టావని రోజుకోసారి వాదన పడాల్సిందే, లేకపోతే ఇద్దరికీ పొద్దుపోదు.

రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలాక ఇల్లంతా ఆమె చుట్టే తిరిగింది. తోడికోడలు ఆసుపత్రికి వెంట వెళ్లేది, అత్తగారు వంట చూసుకునేది, ఇరుగుపొరుగు గిన్నెలతో వచ్చేవారు. ఆపరేషను, మందులు, రేడియేషను కరెంటు పెట్టడం అన్నీ అయ్యాయి. ఇక అప్పుడప్పుడు చూపించుకుంటే చాలన్నాడు డాక్టరు. గండం గడిచిందన్నారు అందరూ. ఆ తర్వాత గిన్నెలు రావడం ఆగిపోయింది. తప్పు పట్టడానికి లేదు, ఎవరి సంసారాలు వాళ్లవి. కానీ ఇల్లలకగానే పండగ కాదని ఒక్కరికీ తోచలేదు.

ఆసుపత్రికి తిరిగినన్నాళ్లూ రోగంతో ఎవరో ఒకరు పోరాడుతున్నారన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు కాపలా ఎత్తేసినట్టయింది. నాలుగు చొక్కాలు కత్తిరించేసరికి ఆపరేషనైన వైపు చెయ్యి వాచి బరువెక్కుతోంది. ఎక్కడ కలుక్కుమన్నా మళ్లీ వచ్చిందేమోనని గుండె జారిపోతోంది. ఓసారి ఇంటికొచ్చిన భర్తతో, తనకేమైనా అయితే పిల్ల సంగతేమిటని మొదలుపెట్టింది. మాట పూర్తికాకముందే ఆయన టీవీ శబ్దం పెంచాడు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. అత్తగారేమో పాడుమాటలు నోట రానివ్వొద్దని కసిరింది. డాక్టరును అడుగుదామంటే గుమ్మం బయట జనం బారులు తీరి ఉన్నారు, తనే మొహమాటపడి లేచి వచ్చేసింది. ఎలా ఉన్నావని అడిగిన ప్రతివాళ్లకూ బాగున్నానని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది.

బడులు తెరిచే రోజులొచ్చాయి. కత్తెరక్క కూతురికి బడి గౌను కత్తిరించి మిషను పక్కన పెట్టి వెళ్లింది. తోడికోడలు ముక్కలు జతచేస్తూ ఆగిపోయింది. ఎదిగే పిల్లల బట్టలకు కుట్టు లోపల కాస్త గుడ్డ వదలడం ఏ దర్జీ అయినా చేసేదే. బిగుతైతే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. కానీ ఇక్కడ రెండు పక్కలా జానెడేసి ఉంది, కింది అంచున మూరెడు. అదంతా లోపలికి మడిచి కుడితే పిల్ల పరుపు చుట్టుకుని బడికి వెళ్లినట్టుంటుంది. చేతి నొప్పికి కొలత తప్పిందనుకుంది తోడికోడలు. అక్క నొచ్చుకోకుండా తనే సరిచేద్దామని కత్తెర అందుకుని, ఎక్కువైందంతా కోసెయ్యబోయింది.

ఎప్పుడొచ్చిందో కత్తెరక్క, ఆమె మణికట్టు పట్టుకుంది.

"కొయ్యకే. కావాలనే వదిలాను."

"ఇంత గుడ్డ ఎందుకక్కా?"

"అది పెద్దయ్యేదాకా సరిపోవాలని."

తన మణికట్టు మీదున్న వేళ్లు ఎంత వాచాయో అప్పుడు చూసింది తోడికోడలు. ఆసుపత్రి బెంచీల మీద పక్కనే కూర్చున్న తను, ఇంటికొచ్చాక ఈ చెయ్యి ఎలా ఉందని ఒక్కసారైనా అడిగిందా? సిగ్గుతో తల వంగిపోయింది. అవేం మాటలక్కా అని నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది.

"నేను లేకపోతే," అంది కత్తెరక్క, "దాని బట్టల కుట్లు విప్పి వదులు చేస్తావా?"

తోడికోడలు బల్ల మీది ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది, మళ్లీ విడదీసింది.

"చేస్తానక్కా," అంది చివరికి. "ఏటికేడూ చేస్తాను. ఇకనుంచి గీతలు నువ్వు గియ్యి, కత్తెర నేను పడతాను. నాకూ భయంగానే ఉంది."

రోగమని తెలిసిన రోజు కూడా కత్తెరక్క అంతలా ఏడవలేదు. తోడికోడలు ఊరుకోమనలేదు. లేచి దుకాణం తలుపు వేసి వచ్చి, పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.